జాడీ నుంచి గడప దాకా: ఇంటి పచ్చళ్ల పార్సిళ్లను చిక్కు లేకుండా పంపడం ఎలా?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారిని ఎవరినైనా అడగండి. పచ్చడి పెట్టడానికి పట్టే సమయం కంటే పార్సిళ్ల వెంట తిరగడానికి పట్టే సమయమే ఎక్కువని చెబుతారు. మా ఇంట్లోనూ మొదటి రెండేళ్లు అలాగే గడిచాయి. మాగాయకు సీసా, గోంగూరకు డబ్బా, పొడులకు కవరు. పావుకిలో, అరకిలో, ముప్పావు, కిలో, రెండు కిలోలు. అవీ చాలక, ఎవరెంత అడిగితే అంత తూకం. రోజుకు 15 పార్సిళ్లు కట్టడానికి ముగ్గురం మధ్యాహ్నం కూర్చుంటే రాత్రయ్యేది. ఇప్పుడు అదే పని ఇద్దరు గంటన్నరలో ముగిస్తున్నారు. ఇందుకోసం పెద్ద యంత్రాలేవీ కొనలేదు. రకాలు తగ్గించాం, రోజులు నిర్ణయించుకున్నాం, లెక్క రాసుకోవడం మొదలుపెట్టాం. చిక్కులో ఎక్కువ భాగం కొరియర్ వారి దగ్గరికి వెళ్లేలోపే మన ఇంట్లోనే పడుతోందని తెలిసొచ్చింది. అందుకే ముందు ఇంట్లో చేయాల్సిన పనులు చెప్పి, ఆ తర్వాత రవాణా గురించి చెబుతాను.

ముందుగా ఒక పార్సిల్ వెంట నడవండి

రేపు వచ్చే మొదటి ఆర్డరును పట్టుకుని, అది డబ్బుగా మారే దాకా జరిగే ప్రతి పనినీ ఒక కాగితం మీద రాయండి. ఫోను వచ్చింది, చిరునామా అడిగాం, పుస్తకంలో రాశాం, చీటీ మీద రాశాం, పెట్టె మీద రాశాం, కొరియర్ ఫారంలో మళ్లీ రాశాం. మా లెక్కలో ఒకే చిరునామాను నాలుగుసార్లు చేత్తో రాస్తున్నట్టు తేలింది. నాలుగుసార్లు రాస్తే తప్పు పడడానికి నాలుగు అవకాశాలు ఉన్నట్టే. అలాగే ఆవకాయ జాడీ వెనక గదిలో, పౌచ్‌లు మేడ మీద, పెట్టెలు వరండాలో ఉండడం వల్ల ఒక్కో పార్సిల్‌కు ఎన్నిసార్లు లేచి తిరుగుతున్నామో కూడా ఆ కాగితమే చూపించింది. ఒక పొడవాటి బల్ల తెచ్చి, ఎడమవైపు పచ్చడి, మధ్యలో త్రాసు, సీలింగ్ యంత్రం, కుడివైపు పెట్టెలు, టేపు పెట్టాం. సగం అలసట ఆ బల్లతోనే పోయింది.

సైజులు తగ్గించండి

ఇది కష్టమైన నిర్ణయం, ఎందుకంటే అడిగిన కొలత ఇవ్వకపోతే కొనేవారు పోతారేమోనని భయం వేస్తుంది. మా అనుభవంలో ఎవరూ పోలేదు. పావుకిలో, అరకిలో, ఈ రెండే పెట్టుకోండి. కిలో అడిగితే రెండు అరకిలోలు. తినేవారికీ అదే మేలు: ఒకటి తెరిచి వాడుకుంటుంటే రెండోది సీలు విప్పకుండా భద్రంగా ఉంటుంది.

పౌచ్‌లు రెండు కొలతలే అయితే అట్టపెట్టెలు మూడు సరిపోతాయి: కిలో పట్టేది, రెండు కిలోలు పట్టేది, ఐదు కిలోలు పట్టేది. పెట్టె కొలతలను పౌచ్‌ల కొలతలను బట్టి చేయించుకోండి. దొరికిన పెట్టెలో పౌచ్‌లు పెట్టి, మిగిలిన ఖాళీని కాగితాలతో నింపడం వల్ల ఎంత డబ్బు పోతుందో తూకం దగ్గర చెబుతాను.

ఏది ఏడాదికి, ఏది నెలకు, ఏది లెక్క ప్రకారం

పచ్చళ్ల సరుకంతా ఒకే తీరున కొనేది కాదు. మూడు భాగాలుగా విడదీయండి.

మిరపకాయలు, ఆవాలు, చింతపండు, మామిడికాయలు ఏడాదికి ఒకసారి కొనేవి. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ జనవరి, ఫిబ్రవరి నుంచి జోరుగా వస్తుంది. వేసవిలో యార్డుకు దాదాపు నెల రోజులు సెలవులు ఉంటాయి. ఆవకాయ పెట్టేది సరిగ్గా ఆ ఎండల్లోనే కాబట్టి, అప్పుడు మిరపకాయల కోసం పరుగెత్తితే ధర మన చేతిలో ఉండదు. మార్చిలోనే ఏడాదికి సరిపడా ఎండు కాయ తీసుకోండి. కారం పట్టించి నిల్వ చేయవద్దు. కాయగా ఉంచితేనే రంగూ ఘాటూ నిలుస్తాయి. ఎక్కువ మొత్తమైతే శీతల గిడ్డంగిలో పెట్టించి, రెండు నెలలకోసారి తెచ్చుకుని పట్టించుకోవచ్చు. మామిడికాయకు ఆ వెసులుబాటు లేదు. కోసిన రోజో మరునాడో ముక్క కొట్టాలి. అందుకే కాయలు ఇచ్చే తోట వారితో ఏప్రిల్‌లోనే మాట ఖాయం చేసుకుని కొంత అడ్వాన్సు ఇవ్వండి. ఉసిరికాయకు కార్తీకం నుంచి సీజను. గోంగూర ఏడాది పొడవునా దొరుకుతుంది కాబట్టి దాని కోసం పెట్టుబడిని కట్టిపడేయనవసరం లేదు.

నూనె, వెల్లుల్లి, ఉప్పు నెలకోసారి చాలు.

పౌచ్‌లు, పెట్టెలు, లేబుళ్లు, టేపు విషయంలో మాత్రం చిన్న లెక్క వేయాలి. రోజుకు 30 పౌచ్‌లు వాడుతున్నారు, ఆర్డరు ఇచ్చాక సరుకు రావడానికి 12 రోజులు పడుతుంది అనుకుందాం. 30 ఇంటూ 12, అంటే 360. సరుకు ఆలస్యమైనా పని ఆగకుండా ఇంకో ఐదు రోజులకు 150. మొత్తం 510. ఆ 510 పౌచ్‌ల కట్టకు ఎర్ర కాగితం చుట్టి విడిగా పెట్టండి. ఎర్ర కాగితం విప్పాల్సి వచ్చిన రోజే ఆర్డరు ఇచ్చేయాలి. కంప్యూటర్ అక్కర్లేదు, ఎవరైనా గుర్తు పట్టగలరు. జాడీల నిండా పచ్చడి ఉండి, పౌచ్‌లు లేక వారం రోజులు అమ్మకం ఆపేసిన బాధ మాకు తెలుసు. అది ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పౌచ్‌లకు, పెట్టెలకు ఇద్దరేసి సరఫరాదారులను ఉంచుకోండి. రెండో వారికీ అప్పుడప్పుడు ఆర్డరు ఇస్తూ ఉంటేనే అవసరం పడిన రోజు పలుకుతారు.

నూనె కారకుండా చూడడమే అసలు పని

పచ్చళ్ల పార్సిల్ పాడవడానికి మూలకారణం దాదాపు ఎప్పుడూ నూనే. ఒక పౌచ్ కారితే లోపలున్న మిగతావన్నీ, పెట్టె, పక్కన ఉన్న ఇంకొకరి పార్సిల్ కూడా పాడవుతాయి. మా పార్సిల్ ఒకటి అలా కారి, ఎవరివో కొత్త బట్టలు పాడైనప్పుడు మాకు చాలా కష్టంగా అనిపించింది. ఆ తర్వాత ఈ పద్ధతులు పెట్టుకున్నాం.

పచ్చడి పూర్తిగా ఊరాకే ప్యాక్ చేయండి. ఆవకాయను మూడో రోజు తిరగగలిపి, నూనె పైకి తేలేదాకా ఆగాలి. తొందరపడి పచ్చిగా ఉన్నదాన్ని సీలు చేస్తే లోపల గాలి పుట్టి పౌచ్ ఉబ్బుతుంది. ఉబ్బిన పౌచ్ మీద ఇంకో పెట్టె బరువు పడితే చాలు, అంచు విచ్చుకుంటుంది.

సీలు వేసే అంచుకు నూనె అంటకూడదు. మన కంటికి కనిపించని నూనె పొర ఉన్నా ప్లాస్టిక్ అతుక్కోదు. అతుక్కున్నట్టు కనిపించి దారిలో వదిలేస్తుంది. వెడల్పు మూతి ఉన్న గరాటును పౌచ్ లోపలికి బాగా దింపి పచ్చడి వేయండి. తర్వాత అంచును లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి, ఒకదాని కింద ఒకటిగా రెండు సీళ్లు వేయండి. సీలు వేసేముందే పై అంచు నుంచి మూడు వేళ్ల ఖాళీ ఉంచి, లోపలి గాలిని నెమ్మదిగా బయటికి నొక్కేయండి. విమానంలో వెళ్లే పార్సిల్‌కు ఇది మరీ ముఖ్యం. పైన గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ పౌచ్‌లో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది.

పౌచ్ కొనేటప్పుడు మధ్యలో అల్యూమినియం పొర ఉన్నదే అడగండి. నూనె వాసన బయటికి రాదు, వెలుతురు తగిలి రంగు మారదు. దుకాణంలో అమ్మడానికి సీసాలు అందంగా ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ కొరియర్‌లో గాజు పంపవద్దనే నా గట్టి అభిప్రాయం. బరువు ఎక్కువ, పగిలితే పచ్చడంతా పారబోయాలి, గాజుముక్క తినేవారి నోట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. డబ్బాయే కావాలంటే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాకు మూత కింద రేకు సీలు వేయించండి.

ప్రతి పౌచ్‌నూ ఒక జిప్ కవరులో పెట్టి, పెట్టె లోపల పెద్ద పాలిథిన్ సంచి పరిచి, అందులో అన్నిటినీ పేర్చి మూతి కట్టేయండి. ఒకవేళ కారినా నూనె ఆ సంచి దాటదు. రెండు కిలోల వరకు మూడు పొరల అట్టపెట్టె, ఆపైన ఐదు పొరలది. టేపు మధ్యలో ఒక పట్టీ, రెండు అంచుల మీద చెరొక పట్టీ వేయాలి.

కొత్త పౌచ్ కట్ట వచ్చిన ప్రతిసారీ రెండు పరీక్షలు చేయండి. నూనె నింపి సీలు వేసిన పౌచ్‌ను వార్తాపత్రిక మీద తలకిందులుగా పెట్టి, పైన ఐదు కిలోల బరువుంచి ఒక రోజు వదిలేయండి. కాగితం మీద చుక్క మరక కనిపించినా ఆ కట్ట వెనక్కి పంపండి. రెండోది, కట్టిన పెట్టెను నడుము ఎత్తు నుంచి ఒక్కో మూల మీద పడేలా వదలండి. మన చేతి నుంచి పడేటప్పుడు మనసు ఒప్పదు. కానీ దారిలో దానికి అంతకంటే మర్యాద దొరకదు.

తూకం లెక్క అర్థం చేసుకోండి

కొరియర్ వారు పెట్టె బరువును మాత్రమే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. దాన్ని ఘనపరిమాణ బరువు అంటారు. అసలు బరువు, ఈ బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. కొన్ని సంస్థలు 5000 కంటే చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. ఒప్పందానికి ముందే ఆ అంకె అడగండి.

కిలో పచ్చడిని 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి. గుణిస్తే 15,000, భాగిస్తే 3. అంటే కిలో పచ్చడికి మూడు కిలోల చార్జీ. అదే పచ్చడిని 20, 15, 12 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే లెక్క ముప్పావుకిలో లోపే వస్తుంది. అప్పుడు అసలు బరువుకే డబ్బు కడతారు. నేను ఈ లెక్క తెలుసుకున్న రోజున, అంతకుముందు ఏడాదంతా గాలికి చార్జీ కట్టామని అర్థమైంది.

ఇంకో విషయం. చార్జీలు చాలావరకు అరకిలో మెట్లుగా ఉంటాయి. కిలో పచ్చడి, ప్యాకింగుతో కలిపి 1,180 గ్రాములు అయితే మీరు కట్టేది కిలోన్నర చార్జీ. ఇంకా 320 గ్రాములు ఉచితంగా వెళ్లే వీలుంది. కొనేవారికి ఆ మాట చెప్పండి: “ఇంకో పావుకిలో కందిపొడి తీసుకుంటే కొరియర్ ఖర్చు పెరగదండీ.” అందులో అబద్ధం లేదు, ఇద్దరికీ లాభం. మా పొడుల అమ్మకం పెరిగింది ఈ ఒక్క మాటతోనే.

ఏ దారిన పంపాలి

పిన్ కోడ్‌లో మొదటి రెండు అంకెలు చూడండి. 50 తెలంగాణ. 51, 52, 53 ఆంధ్రప్రదేశ్. 56 నుంచి 59 కర్ణాటక. ముందు ఆర్డర్లను ఈ అంకెల ప్రకారం మూడు కుప్పలు చేయండి: మన రెండు రాష్ట్రాలు, దక్షిణాదిలో మిగతా చోట్లు, ఉత్తరాది, తూర్పు, పడమర. ఒక్కో కుప్పకు ఒక మొదటి ఎంపిక, ఒక రెండో ఎంపిక నిర్ణయించి గోడ మీద రాసి అంటించండి. ప్రతి పార్సిల్‌కూ నాలుగు చోట్ల ధర అడగడం మానేస్తారు. మూడు నెలలకోసారి ఆ కాగితాన్ని సరిచూసుకుంటే చాలు.

మన రెండు రాష్ట్రాల్లో ఐదు, పది కిలోల సరుకుకు ఆర్టీసీ బస్సు కార్గో మంచి మార్గం. బస్టాండుకు వచ్చి తీసుకోగలిగిన వారికి, ముఖ్యంగా దుకాణాలకు, ఇదే నా మొదటి సలహా. పల్లెటూళ్లకు తపాలా శాఖే దిక్కు. ప్రైవేటు కొరియర్ వెళ్లని చోటికీ పోస్ట్‌మ్యాన్ వెళతారు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి పాత అలవాటుతో దాని కోసం అడగవద్దు. నగరాలకైతే అనేక కొరియర్ల ధరలను ఒకేచోట చూపే వేదికలు ఉన్నాయి. నెలకు వంద పార్సిళ్లు దాటాక వాటిలో చేరడం ఉపయోగం. చిరునామా ఒకసారి నింపితే లేబుల్ అదే ముద్రించుకుంటుంది, చేత్తో నాలుగుసార్లు రాసే పని పోతుంది.

వారంలో పంపే రోజులను మూడుకు కుదించండి: సోమ, మంగళ, బుధ. శుక్రవారం పంపిన పార్సిల్ చాలాసార్లు ఆదివారం ఎక్కడో గోదాములో కూర్చుంటుంది. ఎండాకాలంలో ఆ వేడి పచ్చడికి మంచిది కాదు. గురు, శుక్ర వారాల్లో పచ్చడి నింపి, లేబుళ్లు అంటించి, సిద్ధంగా ఉంచుకోండి. ఈ సంగతి ఆర్డరు తీసుకునేటప్పుడే చెబితే ఎవరూ విసుక్కోరు. ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే మనుషులను విసిగిస్తుంది.

సంక్రాంతి, దసరా, దీపావళికి కొరియర్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. పండుగకు పది రోజుల ముందే ఆఖరి తేదీ ప్రకటించి, దానికి కట్టుబడండి. అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లల కోసం జూలై, ఆగస్టు నెలల్లో ఒక్కసారిగా ఆర్డర్లు వచ్చి పడతాయి. దానికి తగ్గ జాడీలు మే నెలలోనే విడిగా ఉంచండి.

చిరునామా, డబ్బు

ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తుంటే, బిజినెస్ ఖాతాలో ఒక సిద్ధ సమాధానం పెట్టుకోండి: పేరు, ఇంటి నంబరు, వీధి, దగ్గర్లోని గుర్తు, ఊరు, పిన్ కోడ్, రెండు ఫోను నంబర్లు. రెండో నంబరు తప్పనిసరి చేసినప్పటి నుంచి మాకు తిరిగొచ్చే పార్సిళ్లు బాగా తగ్గాయి. “డబ్బు రావాలి”, “పార్సిల్ కట్టాలి”, “పంపాం”, “అందింది” అని నాలుగు లేబుళ్లు పెట్టి ప్రతి ఆర్డరునూ వాటి మధ్య జరుపుతూ ఉంటే, ఏది ఎక్కడ ఉందో ఇంట్లో ఎవరికైనా తెలుస్తుంది.

సరుకు అందాక డబ్బు తీసుకునే పద్ధతి పచ్చళ్లకు తగదు. తీసుకోకపోతే పచ్చడి ఎండల్లో రెండుసార్లు ప్రయాణం చేసి మన దగ్గరికి వస్తుంది, రెండు వైపుల చార్జీ మనమే కట్టాలి, దాన్ని ఇంకొకరికి అమ్మలేం. యూపీఐలో ముందే తీసుకోండి. కొత్తవారికి నమ్మకం లేకపోతే పావుకిలోల నమూనా పెట్టె ఒకటి తక్కువ ధరకు పెట్టండి.

కాగితాలు

ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు లేకుండా ఆహారం అమ్మకూడదు. ఆ 14 అంకెల సంఖ్య ప్రతి పౌచ్ మీద ఉండాలి. దానితోపాటు పదార్థాలు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోను నంబరు, శాకాహార గుర్తు, బ్యాచ్ సంఖ్య. బ్యాచ్ సంఖ్య అంటే భయపడకండి, అది జాడీ సంఖ్యే. మే నెలలో పెట్టిన మూడో జాడీ అయితే “ఆవ 05-3”. ఏదైనా పౌచ్ గురించి ఫిర్యాదు వస్తే అదే జాడీ నుంచి ఇంకెవరికి వెళ్లిందో వెంటనే తెలుస్తుంది. ముందు పెట్టిన జాడీ ముందు ఖాళీ కావాలన్న నియమమూ దీనివల్లే పాటించగలుగుతారు.

చాలామంది పొరబడే విషయం జీఎస్టీ. మన అమ్మకం చిన్నది కదా అనుకుంటారు. కానీ రాష్ట్రం దాటి పన్ను పడే సరుకు అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా నమోదు కావాలి. విజయవాడ నుంచి హైదరాబాదుకు పంపినా రాష్ట్రం దాటినట్టే. ఒక పన్ను సలహాదారును ఒక్కసారి కలిసి దీన్ని తేల్చుకోండి. దుకాణాలకు పెద్ద మొత్తంలో పంపేటప్పుడు, రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కూడా ఉండాలి.

విదేశాలకు పంపాలంటే కేంద్రంలో విదేశీ వాణిజ్యాన్ని చూసే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) సంఖ్య తీసుకోవాలి. తపాలా శాఖ వారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు చిన్న ఎగుమతిదారులకు కాగితాల పనిలో సాయం చేస్తాయి. అమెరికాకు అమ్మకానికి పంపే ఆహారం గురించి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందే సమాచారం ఇవ్వాలి. మాంసం పచ్చళ్లను అక్కడి సరిహద్దులో ఆపేస్తారు కాబట్టి, ఎంత అడిగినా పంపవద్దు. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపివేశారు. అక్కడి సుంకాలు తరచూ మారుతున్నాయి కాబట్టి పంపే వారం నాటి ధర అడిగి, సుంకం ఎవరు కట్టాలో కొనేవారికి ముందే రాతపూర్వకంగా చెప్పండి.

పాడైన పార్సిల్ వస్తే

ఫోటో పంపమనండి. చూసి, వాదించకుండా కొత్తది పంపండి. కొరియర్ నుంచి పరిహారం వస్తుందా లేదా అన్నది మీకూ కొరియర్‌కూ మధ్య విషయం. పచ్చడి కోసం ఎదురుచూసిన మనిషికి దానితో సంబంధం లేదు. తర్వాత ఒక పుస్తకంలో తేదీ, ఊరు, ఏ కొరియర్, ఏ జాడీ, ఏం జరిగిందో రాయండి. పది నమోదులు అయ్యేసరికి తప్పు మీ సీలుదా, పెట్టెదా, ఒకే దారిలో వెళ్లినవే కారుతున్నాయా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది.

అలాగే రెండు నెలలకోసారి, దూరాన ఢిల్లీలోనో కోల్‌కతాలోనో ఉన్న బంధువులకు మామూలు ఆర్డరులాగే ఒక పెట్టె పంపండి. తెరవకముందు ఆరు వైపులా ఫోటోలు తీయమనండి. విప్పాక లోపలి సంచినీ, ప్రతి పౌచ్ అంచునూ తీయమనండి. ఎన్ని రోజులు పట్టిందో, తెచ్చిన మనిషి ఫోను చేశాడో లేదో, లేబుల్ మీద అక్షరాలు చెరగకుండా ఉన్నాయో లేదో అడిగి రాసుకోండి. పచ్చడి వారికే వదిలేయండి.